‘ఈఆర్ పాజిటివ్’ అంటే ఏమిటి? అమ్మ రోజూ వేసుకునే ఆ చిన్న మాత్ర ఏం చేస్తోంది?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నిరుడు కుడి రొమ్ములో గడ్డ తీశారు. చంకలో ఒక గ్రంథికి పాకిందన్నారు. కీమో, రేడియేషన్ అయిపోయాయి. రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్’ అని రాశారు. లెట్రోజోల్ 2.5 మి.గ్రా. రోజుకొకటి చొప్పున ఐదేళ్లు వేసుకోమన్నారు. కొన్ని నెలలుగా అమ్మకు మోకాళ్లు, చేతి వేళ్లు పట్టేస్తున్నాయి. పొద్దున లేవాలంటేనే ఏడుపొస్తోందంటుంది. ‘గడ్డ తీసేశారు కదా, ఇంకా ఈ మాత్ర ఎందుకు’ అని అడుగుతోంది. ఈలోపు మా మేనత్త ఫోన్‌లో ఒక మెసేజ్ పంపింది. క్యాన్సర్‌ను పెంచేవి ‘ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు’ అట, పసుపు క్యాప్సూల్స్ వాటిని ఆపేస్తాయట. అమ్మ అవి తెప్పించుకుని మాత్ర మానేస్తానంటోంది. నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. పాజిటివ్ అంటే క్యాన్సర్ ఇంకా ఉన్నట్టేనా? ఈ ఫ్యాక్టర్లు నాకూ వస్తాయా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: అమ్మా, ముందుగా ఒక్క మాట. ఈ సమాధానమంతా చదివి ఒక నిర్ణయానికి వచ్చేదాకా మీ అమ్మగారు లెట్రోజోల్ మానకుండా చూడండి. ఆమె నొప్పి నిజం, దానికి మార్గాలున్నాయి, వాటి గురించీ చెబుతాను. కానీ ఆ మాత్ర మానేసి క్యాప్సూల్స్ వేసుకోవడం వాటిలో ఒకటి కాదు.

నేను పాథాలజిస్టును. మీరు రాసిన ఆ రిపోర్టు లాంటివి చూసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. ‘పాజిటివ్’ అన్న మాట చూసి ఇంటిల్లిపాదీ బెంబేలెత్తడం మాకు కొత్త కాదు. కోవిడ్ రోజుల తర్వాత ఆ భయం ఇంకా పెరిగింది. ఆ మాట ఒంట్లో క్యాన్సర్ మిగిలి ఉందని చెప్పేది కాదు. తీసేసిన గడ్డలోని కణాల స్వభావం ఎలాంటిదో చెప్పేది. ఇంకా చెప్పాలంటే, రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో ‘ఈఆర్ పాజిటివ్’ అని రాసేటప్పుడు నా మనసు కాస్త తేలికపడుతుంది. ఎందుకో అర్థం కావాలంటే మీ మేనత్త పంపిన మెసేజ్‌లోని ఆ పెద్ద మాట దగ్గరికే వెళ్లాలి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉంటుంది. అందులో ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. అయినా కంటి కణం కన్నులానే ఉంటుంది, కాలేయ కణం కాలేయంలానే పనిచేస్తుంది. ఎందుకంటే ఏ కణమూ ఆ జన్యువులన్నిటినీ వాడదు. రిజిస్ట్రార్ ఆఫీసు పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. అసలు దస్తావేజు గది దాటి బయటకు రాదు, కావలసినవారికి నకలు ఇస్తారు. కణంలోనూ అంతే. డీఎన్‌ఏ కేంద్రకంలోనే ఉంటుంది, దాని నకలు మాత్రం బయటకు వచ్చి ప్రోటీన్ తయారీకి పనికొస్తుంది. ఏ జన్యువుకు నకలు తీయాలి, ఎన్ని తీయాలి, ఎప్పుడు ఆపాలి అని నిర్ణయించే ప్రోటీన్లే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. అవి డీఎన్‌ఏ మీద తమకు సరిపడే చోటు వెతుక్కుని అతుక్కుంటాయి. మనిషిలో ఇలాంటివి సుమారు 1,600 ఉన్నాయి.

కాబట్టి అవి క్యాన్సర్ కారకాలు కావు. అవి లేకపోతే బిడ్డ కడుపులో పెరగదు, పుండు మానదు, రక్తం తయారవదు. వాటిలో కొన్ని అదుపు తప్పినప్పుడే చిక్కు. మిక్ అనే ఫ్యాక్టరు కణాన్ని పెరగమని, రెండుగా విడిపొమ్మని తోస్తుంది. చాలా క్యాన్సర్లలో అది మోతాదు మించి పనిచేస్తుంటుంది. 1979లో కనిపెట్టిన పి53 దానికి పూర్తిగా ఎదురు. డీఎన్‌ఏ దెబ్బతిన్నదని తెలియగానే కణవిభజన ఆపే జన్యువులకు నకళ్లు తీయిస్తుంది, బాగుచేయడం కుదరకపోతే కణాన్నే చంపేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో సుమారు సగంలో ఈ పి53 జన్యువే చెడిపోయి ఉంటుంది. అంటే ‘ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లను ఆపేస్తే క్యాన్సర్ ఆగిపోతుంది’ అన్న మాట మొదట్లోనే తప్పు. వాటిలో మనల్ని కాపాడేవీ ఉన్నాయి.

ఇప్పుడు మీ అమ్మగారి రిపోర్టుకు వద్దాం. ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్, అంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ను అందుకునే ప్రోటీన్. అది కూడా ఒక ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే. మీ మేనత్త మెసేజ్ ఏదో కొత్త విషయం బయటపెట్టినట్టు చెప్పిందే, ఆ విషయం మీ అమ్మగారి ఫైలులో మొదటి నుంచీ ఉంది. దానికి మందు కూడా ఆమె రోజూ వేసుకుంటూనే ఉన్నారు.

ఈ రిసెప్టరులో ఈస్ట్రోజెన్ హార్మోన్‌కు అచ్చంగా సరిపోయే ఒక గుంట ఉంటుంది. హార్మోన్ వచ్చి అందులో కూర్చోగానే రిసెప్టరు ఆకారం మారుతుంది. రెండు రిసెప్టర్లు జతకట్టి డీఎన్‌ఏ మీద వాలతాయి. ఫాక్స్ఏ1 అనే మరో ఫ్యాక్టరు అప్పటికే అక్కడ చుట్టచుట్టుకుని ఉన్న డీఎన్‌ఏను వదులు చేసి చోటిచ్చి ఉంటుంది. ఇక నకళ్లు మొదలవుతాయి. కణాన్ని విభజనలోకి నెట్టే సైక్లిన్ డి1, ఇందాక చెప్పిన మిక్, ఇవన్నీ ఆ జాబితాలోవే. ప్రొజెస్టరోన్ రిసెప్టరు, అంటే మీ రిపోర్టులోని ‘పీఆర్’ కూడా అందులోనిదే. పీఆర్ జన్యువును పనిచేయించేది ప్రధానంగా ఈఆర్. అందుకే రెండూ పాజిటివ్ అని ఉంటే ఈఆర్ అక్కడ ఊరికే పడి లేదని, నిజంగా పనిచేస్తోందని మేం అర్థం చేసుకుంటాం. అలాంటి క్యాన్సర్‌కు హార్మోన్ మందు పట్టే అవకాశం ఎక్కువ.

మేం దాన్ని కంటితోనే చూస్తాం. గడ్డ ముక్కను మైనంలో పెట్టి, వెంట్రుక కన్నా చాలా పల్చగా కోసి, ఈఆర్‌ను పట్టుకునే యాంటీబాడీ వేసి, రంగు వచ్చేలా చేస్తాం. మైక్రోస్కోప్ కింద పెడితే కణం ఒళ్లంతా లేత నీలంగా ఉండి కేంద్రకం ఒక్కటే ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. కణానికి పెరగమన్న సంకేతం అందించే మరో ప్రోటీన్ హెర్2. అది పాజిటివ్ అయితే ఆ రంగు కణం అంచు చుట్టూ వస్తుంది, ఎందుకంటే హెర్2 ఉండే చోటు అది. ఈఆర్ పని డీఎన్‌ఏ దగ్గర కాబట్టి దాని రంగు కేంద్రకంలో. నూటికి ఒక్క కణంలో రంగు కనిపించినా పాజిటివ్ అనే రాస్తాం, 10 శాతం లోపు ఉంటే ‘లో పాజిటివ్’ అని విడిగా చెబుతాం. మీ రిపోర్టులో శాతం ఎంతో చూడండి. 80, 90 అని ఉంటే లెట్రోజోల్ మీద నమ్మకం ఇంకా పెంచుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈఆర్ పాజిటివ్ రకమే.

మీకు అవసరం లేకపోయినా, ఇది చదివే మరొకరికి పనికొస్తుందని ఇక్కడే ఒకటి చెబుతాను. కోసిన గడ్డను గంటలోపు, అది చెడిపోకుండా ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేయాలి. కనీసం 6 గంటలు, ఎక్కువలో ఎక్కువ 72 గంటలు అందులో నానాలి. వట్టి సెలైన్‌లోనో, ఖాళీ డబ్బాలోనో వేసి, బస్సులో పక్క జిల్లాకు పంపి, మర్నాడు ఎవరో తెరిస్తే ఈఆర్ చెడిపోయి ‘నెగెటివ్’ అని రావచ్చు. అప్పుడు పనిచేసే మందు ఉండి కూడా ఆ మనిషికి అందదు. గడ్డ పక్కనే ఉండే మామూలు పాల నాళాల కణాల్లో ఎప్పుడూ కొంత రంగు రావాలి. అక్కడా రాకపోతే పరీక్షనే అనుమానించాలి. ఈఆర్ నెగెటివ్ అని వచ్చినవారు ‘పక్కనున్న మామూలు కణాల్లో రంగు వచ్చిందా, ఇంకో బ్లాక్ (మైనంలో పెట్టిన మరో గడ్డ ముక్క) మీద మళ్లీ చేయవచ్చా’ అని అడగడంలో తప్పేమీ లేదు. అడిగితే విసుక్కోకూడదని మా వాళ్లకూ చెబుతుంటాను.

ఇక మందు సంగతి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో ఎక్కువ వాటికి మందు కనిపెట్టడం చాలా కష్టం. మందు అనేది ఎక్కడో ఒక గుంటలో ఇమడాలి కదా. డీఎన్‌ఏను పట్టుకునే ఈ ప్రోటీన్లలో చాలావాటికి అలాంటి గుంట ఉండదు. మిక్ క్యాన్సర్లలో అంత ముఖ్యమని దశాబ్దాల క్రితమే తెలిసినా, దాన్ని నేరుగా ఆపే మందు ఈరోజుకీ వాడుకలోకి రాలేదు. ఈఆర్ అలా కాదు. అది హార్మోన్ కోసమే పుట్టిన ప్రోటీన్, దానికి గుంట పుట్టుకతోనే ఉంది. నా మనసు తేలికపడుతుందన్నది ఇందుకే. శత్రువు ఎవరో తెలిసి, పట్టు ఎక్కడ దొరుకుతుందో కూడా తెలిసిన కొద్ది క్యాన్సర్లలో ఇది ఒకటి.

ఈ పట్టు దొరికింది కూడా ఈమధ్య కాదు. 1896లోనే గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే సర్జన్ అండాశయాలు తీసేస్తే కొందరిలో ముదిరిన రొమ్ము క్యాన్సర్ తగ్గుతోందని ప్రచురించాడు. ఎందుకో అప్పటికి తెలియదు, హార్మోన్లన్న మాటే ఇంకా పుట్టలేదు. ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే రిసెప్టరు ఉందని 1950ల చివర్లో షికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. గర్భనిరోధకంగా పనికొస్తుందని 1960లలో తయారుచేసిన టామాక్సిఫెన్, ఆ పనికి పనికిరాక, 1977లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మందుగా అనుమతి పొందింది. అది ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన గుంటలో తాను కూర్చుని రిసెప్టరును పనిచేయనివ్వదు.

మీ అమ్మగారి లెట్రోజోల్ దారి వేరు. నెలసరి ఆగిపోయాక అండాశయాలు ఈస్ట్రోజెన్ తయారుచేయడం మానేస్తాయి గానీ, కొవ్వులోనూ కండరాల్లోనూ ఉండే అరొమటేజ్ అనే ఎంజైమ్ వేరే హార్మోన్ల నుంచి దాన్ని కొద్దికొద్దిగా తయారుచేస్తూనే ఉంటుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమ్‌ను ఆపేస్తుంది. హార్మోన్ లేదు కాబట్టి గుంట ఖాళీ. రిసెప్టరు డీఎన్‌ఏ మీదకు వెళ్లి పని మొదలుపెట్టలేదు.

‘గడ్డ తీసేశారు కదా’ అన్న ప్రశ్న సరైన ప్రశ్నే. మీ అమ్మగారిది చంకలో ఒక గ్రంథి దాకా వచ్చింది. అంటే కొన్ని కణాలు పుట్టిన చోటు వదిలి కదలగలిగాయి. మామూలుగా పాల నాళాల కణాలు ఒకదాన్నొకటి ఈ-కాడెరిన్ అనే ప్రోటీన్‌తో గట్టిగా పట్టుకుని ఉంటాయి. స్నెయిల్, ట్విస్ట్, జెబ్1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు ఈ-కాడెరిన్ జన్యువుకు నకలు తీయనివ్వవు. పట్టు సడలిన కణం ఆకారం మార్చుకుని, చుట్టూ ఉన్న కణజాలంలోంచి దారి చేసుకుని, లింఫ్ నాళాల్లోకో రక్తంలోకో దిగవచ్చు. ఈ ఫ్యాక్టర్లు క్యాన్సర్ కోసం పుట్టినవి కావు. కడుపులో పిండం రూపు దిద్దుకునేటప్పుడు కణాలు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాల్సిన పని ఉంటుంది, అది చేయించేవి ఇవే. పెద్దయ్యాక నిద్రాణంగా ఉండాల్సిన ఆ ఏర్పాటును క్యాన్సర్ కణం మళ్లీ లేపుతుంది. ప్రతి క్యాన్సర్‌లోనూ పాకడం ఇదే దారిలో జరగదు. గుంపుగా కదిలే కణాలూ ఉంటాయి. కానీ ట్విస్ట్‌ను ఆపితే ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడం బాగా తగ్గిందని 2004లో అమెరికా పరిశోధకులు చూపించిన దగ్గర నుంచి ఈ దారి మీద గట్టి ఆధారాలు పోగయ్యాయి.

అలా బయటపడిన కణాల్లో చాలావరకు చచ్చిపోతాయి. కొన్ని మాత్రం ఎముక మజ్జలోనో మరో చోటో పెరగకుండా, చావకుండా ఏళ్ల తరబడి ఉండిపోగలవు. స్కాన్‌కు అందవు. కీమో విభజన చెందుతున్న కణాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది, నిద్రపోతున్నవి తప్పించుకోవచ్చు. ఈఆర్ పాజిటివ్ క్యాన్సర్ ఐదేళ్లు దాటాక, పదేళ్లు దాటాక, 20 ఏళ్లకు కూడా తిరగబెట్టిన సందర్భాలున్నది ఇందుకే. ఆ కణాలు లేవాలంటే వాటికి ఈఆర్ కావాలి, ఈఆర్‌కు ఈస్ట్రోజెన్ కావాలి. లెట్రోజోల్ వేసుకున్నంత కాలం అది దొరకదు. వేల మంది మహిళల మీద జరిగిన ట్రయల్స్ అన్నిటినీ కలిపి 2015లో లెక్క చూశారు. లెట్రోజోల్ కోవకు చెందిన మందు ఐదేళ్లు వాడితే, హార్మోన్ చికిత్సే తీసుకోకపోవడంతో పోలిస్తే, మొదటి పదేళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో మరణించే ముప్పు సుమారు 40 శాతం తగ్గుతుందని తేలింది. ఒక చిన్న మాత్ర అంత పని చేస్తోంది. పైకి ఏమీ కనిపించదు కాబట్టి ఊరకే వేసుకుంటున్నట్టు అనిపిస్తుంది. చాలామంది మధ్యలో మానేసేది అక్కడే, నాకు బాధ కలిగేదీ అక్కడే.

పసుపు మాట. ఆ మెసేజ్ పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. పసుపులోని కర్క్యుమిన్, గాజు పాత్రల్లో పెంచిన కణాల మీద పోస్తే, ఎన్ఎఫ్-కప్పా బి అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరు పని తగ్గుతుందని పరిశోధనలున్నాయి. కానీ పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు 3 శాతమే. దాన్ని విడిగా తీసి గ్రాముల కొద్దీ మింగించినా రక్తంలో చేరేది అతి తక్కువ. పేగు సరిగా పీల్చుకోదు, పీల్చుకున్న కొద్దిపాటినీ కాలేయం వెంటనే మార్చేస్తుంది. అది రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందని మనుషుల్లో ఎవరూ నిరూపించలేదు. పైగా మీ అమ్మగారి క్యాన్సర్‌ను నడిపిస్తున్నది ఈఆర్ అని రిపోర్టే చెబుతోంది. ఎన్ఎఫ్-కప్పా బి వేరే ఫ్యాక్టరు, ఇన్ఫెక్షన్లతో పోరాడడానికి మనకు కావలసినది కూడా.

రక్తంలో ఎక్కువగా చేరాలని ఈ క్యాప్సూల్స్‌లో మిరియాల సారం కలుపుతారు. అలాంటి వాటితో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. టామాక్సిఫెన్ వాడేవారిలో ఇవి ఆ మందు రక్తంలో ఉండాల్సిన స్థాయిని తగ్గిస్తున్నాయని నెదర్లాండ్స్‌లో చేసిన ఒక చిన్న అధ్యయనంలో కనిపించింది. పప్పులో, కూరలో వేసే పసుపుకు ఏ ఇబ్బందీ లేదు, అది ఎప్పటిలాగే వేసుకోమనండి. మీ మేనత్త మీద కోపం తెచ్చుకోకండి. వదిన కోసం ఆమె పడే ఆరాటమే ఆ మెసేజ్ పంపించింది. వీలైతే ఆమెనూ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు నొప్పులు. ఈ మందుతో కీళ్ల నొప్పులు చాలామందికి వస్తాయి. పొద్దున లేవగానే బిగుసుకుపోయి, కాస్త తిరిగాక సడలడం దీని తీరు. మీ అమ్మగారు అతి చేస్తున్నారని ఇంట్లో ఎవరూ అనకూడదు. డాక్టరు గారికి ‘నొప్పులున్నాయి’ అని ముక్తసరిగా కాకుండా, ‘మాత్ర మానేద్దామనుకునేంత నొప్పి’ అని అదే మాట చెప్పండి. అప్పుడే ఆయన దాన్ని ఆ తీవ్రతతో పట్టించుకుంటారు. విటమిన్ డి పరీక్ష చేయించి తక్కువుంటే సరిచేస్తారు. క్రమం తప్పని నడక, చేతులకూ కాళ్లకూ బలం పెంచే వ్యాయామం ఈ నొప్పిని తగ్గిస్తాయని ట్రయల్స్‌లోనే తేలింది. నొప్పిగా ఉన్న మనిషిని నడవమనడం మనసొప్పదు, నిజమే. అయినా మొదటి కొన్ని రోజులు మీరు పక్కన నడిస్తే ఆమెకు ధైర్యంగా ఉంటుంది. డులోక్సెటీన్ అనే మందు కొందరికి పనిచేస్తుంది. అప్పటికీ తగ్గకపోతే అదే కోవలోని అనాస్ట్రోజోల్‌కో ఎక్సెమెస్టేన్‌కో మార్చవచ్చు. ఒకటి పడనివారికి మరొకటి పడడం తరచూ చూస్తాం. అదీ కుదరకపోతే టామాక్సిఫెన్ ఉంది. రక్తం గడ్డకట్టే ముప్పు, గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వచ్చే ముప్పు చూసుకుని దాన్ని ఇస్తారు. మారే ముందు కొద్ది వారాలు మాత్ర ఆపి చూడడం కూడా ఒక పద్ధతే, కానీ అది డాక్టరు చెప్పి ఆపాలి, మళ్లీ మొదలుపెట్టే తేదీ కూడా అప్పుడే రాసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. కీళ్ల నొప్పులకని ఊళ్లలో పేరూ ఊరూ లేని పొడులు, మాత్రలు అమ్ముతుంటారు. చాలాసార్లు వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అనుమానించాల్సింది దాన్నే. లెట్రోజోల్ ఎముకలను కొంత పల్చబరుస్తుంది, దానికి స్టెరాయిడ్ తోడైతే చిన్నగా జారిపడినా తుంటి విరిగే పరిస్థితి వస్తుంది. ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ ఇప్పటిదాకా చేయించకపోతే చేయించండి, తర్వాత రెండేళ్లకోసారి చూస్తారు. ఎముక బాగా పల్చబడితే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఆరు నెలలకోసారి ఇస్తారు. ఖర్చు గురించి మీరు రాయలేదు గానీ, లెట్రోజోల్ జనరిక్ మందు. బ్రాండ్ పేరు కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు, జన ఔషధి షాపులో అడగండి.

ఈ ఫ్యాక్టర్లు మీకూ వస్తాయా అన్న ప్రశ్న మిగిలింది. ‘ఈఆర్ పాజిటివ్’ అన్నది ఆ గడ్డ స్వభావం, అది తల్లి నుంచి బిడ్డకు రాదు. మీలోనూ ఈఆర్ ఉంది, ప్రతి స్త్రీలోనూ ఉంటుంది, దాని పని అది చేసుకుంటుంది. వంశంలో రాగలిగినది వేరు. రొమ్ము క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 మాత్రమే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో పుట్టుకతో వచ్చిన లోపం వల్ల వస్తాయి. 65 ఏళ్లు, ఆలోపు రొమ్ము క్యాన్సర్ బయటపడినవారందరికీ ఈ జన్యు పరీక్ష చేయించుకునే అవకాశం ఇవ్వాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘాలు 2024లో సూచించాయి. కాబట్టి అమ్మగారికి పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. ముందు చేయించుకోవాల్సింది ఆమె, మీరు కాదు. ఆమెలో లోపం దొరికితే అదే లోపం మీలో ఉందేమో చూస్తారు. ఆమెలో లేకపోతే మీరు ఆ పరీక్షకు డబ్బు పెట్టే పని దాదాపుగా ఉండదు. 40 దాటాక మామోగ్రామ్ విషయం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడండి. అంతకు ముందైనా రొమ్ములో గడ్డ, చర్మం సొట్ట, చనుమొన నుంచి రక్తం కనిపిస్తే ఆ వారమే చూపించుకోండి.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్ర స్ట్రిప్, ఆ క్యాప్సూల్స్ డబ్బా, ఇంకా ఏవైనా పొడులుంటే అవీ, అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఆయన ముందు బల్ల మీద పెట్టి, ఏది వేసుకోవాలి, ఏది మానాలి అన్నది చీటీ మీద రాయించుకోండి. మందు మార్చినా, కొన్ని వారాలు ఆపమన్నా, తర్వాత నొప్పి ఎలా ఉందో నాకు రాయండి.